గృహస్థులకు నాలుగు మాటలు: పైపూతల పస ఎంత?



ఈ శీర్షికలో మేము సాధారణముగా వ్రతములను గూర్చియు, తిథులను గూర్చియు, ఇంటి ఆచారములను గూర్చియు వ్రాయుచుందుము. ఈ మాసము మందులను గూర్చి వ్రాయుచున్నాము. పౌరోహిత్యము చేయువారికి మందులతో పని యేమి అని కొందరు అడుగవచ్చును. పని కలదు. మన ద్వీపమునుండి కెనడాకు వెళ్లి స్థిరపడిన బిడ్డలు స్వామి ప్రసాదము తరువాత మనలను ఎక్కువగా అడుగునది పైపూతలనే. "తాతయ్యా, చలికి చేతులు పగిలి నెత్తురు వచ్చుచున్నది, ఏమి పూయవలెను?" అని ఒకరు, "అమ్మమ్మా, తల దువ్వినప్పుడెల్ల గుప్పెడు జుట్టు వచ్చుచున్నది, నీవు కాచెడి నూనె పంపుము" అని మరొకరు. ఇచ్చటినుండి మాంట్రియాల్ వెళ్లువారి పెట్టెలలో పచ్చడి సీసాల ప్రక్కన నూనె సీసాలు, లేపనపు గొట్టములు చేరుచున్నవి. వానిలో కొన్ని మా చేతిమీదుగా పోయినవి. అందువలన జరిగిన పొరపాటును దాచక చెప్పుట మా విధి యని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా మనుమరాలు మాంట్రియాల్ నగరమున కాపురమున్నది. ఆమె కుమారునికి మూడవ యేట, శీతకాలమున, మోచేతుల మడతలందును మోకాళ్ల వెనుకను చర్మము ఎఱ్ఱబారి, గరుకెక్కి, దురద పుట్టెను. రాత్రులు బిడ్డ గోకికొని దుప్పటికి నెత్తుటి మరకలు చేయుచుండెను. చర్మవైద్యుని చూచుటకు నెలల తరబడి వేచియుండవలెనని చెప్పిరట. ఆమె ఫొటో పంపగా చూచి, "ఇది తామర" అని మేము ఇచ్చటినుండియే నిశ్చయించితిమి. ఇచ్చట ఒక అంగడిలో అడుగగా ఆ అంగడివాడు ఒక చిన్న లేపనపు గొట్టమిచ్చెను. వైద్యుని చీటీ అడుగలేదు. మేమును అడుగవలసినదేమియు లేదనుకొంటిమి. స్వామి గంధముతోను కుంకుమతోను కలిపి దానిని ప్రయాణికులచేత పంపితిమి.

మూడవ నాడే ఫోను వచ్చెను. "తాతయ్యా, మీ మందు అమృతమే. బాబు తెల్లవార్లు నిద్రపోయినాడు" అని మనుమరాలు చెప్పగా మాకు గర్వము కలిగెను. ఆ గర్వమును ఆలయ ప్రాంగణములో నలుగురితో పంచుకొంటిమి. నాలుగు కుటుంబములవారు ఆ మందు పేరు వ్రాసికొని పోయిరి.

రెండు మాసములు గడచినవి. మందు పూసిన నాళ్లు చర్మము చక్కగా నుండెడిది. మానిన నాలుగు దినములకు ముందటికంటె ఎక్కువై మరలి వచ్చెడిది. బుగ్గలపైకిని ప్రాకెనని ఆ తల్లి అచ్చటను పూసెను. చివరకు బిడ్డ ముఖము ఎల్లప్పుడు ఎఱ్ఱగా నుండి, చర్మము పలుచబడి, క్రింది సన్నని నరములు కనబడసాగినవి. ఆమె ఆ గొట్టమును తమ వీధిలోని మందుల అంగడికి తీసికొని పోయెను. ఫార్మసిస్టు దానిపై చిన్న అక్షరములను చదివి, "అమ్మా, ఇందులో మూడు మందులు కలవు. ఒకటి బూజును చంపునది, ఒకటి సూక్ష్మజీవులను చంపునది, మూడవది మిక్కిలి బలమైన స్టీరాయిడు. ఇది పిల్లవాని ముఖమునకు పూయదగినది కాదు" అని చెప్పెను. వైద్యుడు బలహీనమైన మందునకు మార్చి, మెల్లమెల్లగా మాన్పించి, వట్టి జిడ్డు లేపనములను నేర్పెను. కొన్ని మాసములకు బిడ్డ కోలుకొనెను.

ఇక మేము ఆ నాలుగు ఇండ్లకు వెళ్లి చెప్పవలసి వచ్చెను. మూడు ఇండ్లలో మందు ఇంకను విప్పలేదు. నాలుగవ ఇంట ఒక ఆడపిల్ల నడుముపై చక్రమువలె నున్న మచ్చకు ఆరు వారములుగా పూయుచున్నారు. దురద తగ్గినది, మచ్చ మాత్రము అరచేయంత యున్నది పలకంత యైనది. ఆ తల్లి మమ్ములను ఒక్క మాటయు అనలేదు. "అయ్యవారు చెప్పినారని పూసితిమి" అని మాత్రము అన్నది. ఆ మాట మాకు ఇప్పటికిని గుచ్చుకొనుచునే యున్నది.

ఏమి జరిగినదో తరువాత విచారించి తెలిసికొంటిమి. మొదటి తప్పు పేరులోనే యున్నది. మనవారు "తామర" అను ఒక్క మాటను రెండు వేరువేరు రోగములకు వాడుదురు. ఒకటి ఎగ్జిమా. ఇది చర్మపు కోట గోడ బలహీనమగుటవలన వచ్చునది, అంటురోగము కాదు, పలువురికి వంశములో వచ్చును. చర్మపు పైపొరను గట్టిపరచు ఫిలాగ్రిన్ అను మాంసకృత్తు విషయములో పుట్టుకతో లోపమున్నవారికి ఇది ఎక్కువగా వచ్చునని 2006లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. రెండవది చక్రపు తామర. ఇది బూజు జాతి సూక్ష్మజీవివలన వచ్చు అంటురోగము. అంచు ఎఱ్ఱగా, నడుమ తేటగా, వలయమువలె పెరుగును. రెండింటికిని దురద యున్నది, ఎఱుపు ఉన్నది. కాని మొదటిదానికి మేలు చేయు స్టీరాయిడు రెండవదానికి ఎరువగును. దురదయు ఎఱుపును పుట్టించునది మన దేహము బూజుతో చేయు పోరాటమే. స్టీరాయిడు ఆ పోరాటమును ఆపును. పోరు ఆగగానే బాధ తగ్గును. శత్రువు మాత్రము నిశ్శబ్దముగా వ్యాపించును. మా మాట విని పూసిన ఆ పిల్లకు జరిగినది ఇదియే.

భారతదేశములో ఇట్టి కలగలుపు లేపనములు చీటీ లేక విరివిగా అమ్ముడుపోయి ఎంతో చెరుపు చేసినందున 2018లో అచ్చటి ప్రభుత్వము 14 స్టీరాయిడు పైపూతలను వైద్యుని చీటీతోనే అమ్మవలెనని శాసించెను. మామూలు బూజు మందునకు లొంగని క్రొత్త తామర యొకటి కూడ బయలుదేరినది. భారత, నేపాల దేశములనుండి వచ్చిన రోగులయందు దానిని గుర్తించి 2020లో జపాను శాస్త్రజ్ఞులు ట్రైకోఫైటన్ ఇండోటినియే అని పేరు పెట్టిరి. కెనడా వైద్యులును తమ రోగులలో దానిని చూచియున్నారు. టెర్బినాఫిన్ అను పేరు పొందిన మందు దానిపై తరచుగా పనిచేయదు. కావున చక్రపు మచ్చ పూతకు తగ్గకున్నచో, మరియొక పూత వెదకక, చర్మమును గీకి పరీక్ష చేయించుట మంచిది.

అట్లని స్టీరాయిడు దుష్టమైన మందని తలంచరాదు. 1952లో న్యూయార్కు వైద్యులు సల్జ్‌బర్గర్, విట్టెన్ గారలు హైడ్రోకార్టిసోన్‌ను చర్మముపై పూసి దాని గుణమును లోకమునకు చూపిరి. అది ఎగ్జిమా రోగులకు పెద్ద వరము. నేటికిని ఎగ్జిమా విజృంభించినప్పుడు ముఖ్యమైన మందు అదియే. అయితే అందులో మెత్తనివియు ఉన్నవి, మిక్కిలి కఠినమైనవియు ఉన్నవి. హైడ్రోకార్టిసోన్ మెత్తనిది, క్లోబెటసాల్ దానికంటె ఎన్నో రెట్లు బలమైనది. అరకాలిపై మందమైన చర్మమునకు తగినది కనురెప్పకు తగదు. భయపడి వైద్యుడిచ్చిన దానిని పూయకుండుటయు తప్పే. బిడ్డ నిద్ర లేక కృశించును. కొలతకు ఒక గుర్తు కలదు: పెద్దవారి చూపుడు వ్రేలి కొననుండి మొదటి కణుపు మడత వరకు గొట్టమునుండి పిండిన మందు సుమారు అర గ్రాము, అది పెద్దవారి రెండు అరచేతులంత చర్మమునకు సరిపోవును.

ఇక కెనడాలోని చలిని గూర్చి. మన చెరకు తోటల నడుమ పుట్టి పెరిగినవారికి ఆ చలి ఊహకు అందదు. మాంట్రియాల్‌లో జనవరి మాసపు సగటు చలి సున్నకు దాదాపు పది డిగ్రీలు దిగువ. చల్లని గాలి తేమను ఎక్కువగా మోయలేదు. ఆ గాలిని ఇంటిలో యంత్రములతో వేడి చేయగా అది మరింత పొడియై, చర్మములోని తడిని పీల్చును. చలికి వేడి నీటితో చాలసేపు స్నానము చేయుటచేత చర్మపు సహజమైన జిడ్డు కరగిపోవును. మన పెద్దలు దీనినే "ఒంటికి వేడి చేసినది, రక్తము చెడినది" అందురు. రక్తము చెడలేదు, గోడకు పూసిన సున్నము రాలినది, అంతే. ఆ సున్నమును తిరిగి వేయుటయే జిడ్డు లేపనముల పని.

ఏ లేపనము మంచిది? ఈ ప్రశ్నకు ఇంగ్లండులో మంచి పరీక్ష చేసిరి. ఎగ్జిమా యున్న 550 మంది పిల్లలను నాలుగు వర్గములుగా చేసి, పలుచని లోషను, క్రీము, జెల్లు, చిక్కని ఆయింటుమెంటు పంచియిచ్చిరి. 2022లో తేలినదేమన, నాలుగును సమానమే. ఖరీదైన సీసాకు విశేషమేమియు లేదు; బిడ్డ ఇష్టపడి రోజును పూయించుకొనునదే మంచి లేపనము. అదే దేశములో 482 మంది పిల్లలపై చేసిన పరీక్షలో, స్నానపు నీటిలో పోయు నూనెలవలన అదనపు మేలు లేదని 2018లో తేలెను. పుట్టిన నాటినుండి లేపనము పూసినచో ఎగ్జిమా రాకుండునా అని 1394 మంది శిశువులపై పరీక్షింపగా, రాకుండ ఆపలేదని 2020లో తేలెను. అనగా లేపనము వచ్చిన బాధను అణచుటకు పనికివచ్చును. రాబోవుదానిని ఆపు కవచము కాదు.

మన కొబ్బరినూనె మాటేమి? ఇందులో మన ద్వీపవాసులకు సంతోషము కలిగించు వార్త కలదు. ఫిలిప్పీను దీవులలో ఎగ్జిమా యున్న 117 మంది పిల్లలకు ఎనిమిది వారములు పూసి చూడగా, ఖనిజ తైలముకంటె శుద్ధమైన కొబ్బరినూనె ఎక్కువ మేలు చేసెనని 2014లో ప్రకటించిరి. మన అమ్మమ్మల చేతివాటమునకు ఇది సాక్ష్యమే. అయితే అది స్వల్పమైన, మధ్యరకపు బాధకు మాత్రమే. సువాసనలు కలిపిన నూనెలకు ఈ మాట చెల్లదు. అన్ని నూనెలును ఒక్కటి కావు. ఆలివు నూనె చర్మపు గోడను బాగుచేయుటకు మారుగా బలహీనపరచునని 2013లో ప్రకటించిన ఇంగ్లండు పరిశోధన చెప్పుచున్నది.

ఇచ్చట దీపారాధన చేయువారికి ఒక హెచ్చరిక. జిడ్డు లేపనములు బట్టలకు అంటి ఇంకినచో ఆ బట్టలకు నిప్పు అతి త్వరగా అంటుకొనును. బ్రిటను దేశపు మందుల శాఖ 2018లో ఈ సంగతిని గట్టిగా హెచ్చరించినది. ఉతికినను ఆ జిడ్డు పూర్తిగా పోదు. ఒంటినిండ లేపనము పూసికొన్న పిల్లలును వృద్ధులును కర్పూర హారతికి, రామభజనలోని దీపస్తంభమునకు దూరముగా నిలిచి నమస్కరించినను స్వామి స్వీకరించును.

జుట్టు సంగతికి వచ్చెదము. ప్రసవమైన రెండు మూడు మాసములకు, లేదా గట్టి జ్వరము వచ్చిన తరువాత, స్త్రీలకు జుట్టు కట్టలుకట్టలుగా రాలును. చూచినవారికి బట్టతల యగునేమో యను భయము కలుగును. అది చాలవరకు కొన్ని మాసములకు తనంతట తానే ఆగి, జుట్టు తిరిగి మొలచును. ఈ నడుమ మనము ఇచ్చటినుండి ఉసిరి నూనెయో గుంటగలగర నూనెయో పంపుదుము. నూనె చేరుటయు జుట్టు మొలచుటయు ఒక్కసారి జరుగును. కాకి వాలినది, తాటిపండు పడినది. కాకియే పడగొట్టెనని మనమందుము. పండితులు దీనినే కాకతాళీయ న్యాయమందురు. ఆ నూనెల మహిమలుగా మనము చెప్పికొనువానిలో ఎక్కువ భాగము ఇట్టివే. వానిని వాడరాదని మేమనుట లేదు. తల స్నానమునకు ముందు రాచిన కొబ్బరినూనె వెంట్రుకలోని మాంసకృత్తు నష్టపోకుండ కాపాడునని బొంబాయి శాస్త్రజ్ఞులు 2003లో చూపిరి. ఉన్న జుట్టును కాపాడుట నిజము. లేని జుట్టును మొలిపించుట మాత్రము నిరూపింపబడలేదు. రాలుట ఆగనిచో రక్తములో ఇనుము తక్కువయైనదేమో, థైరాయిడు గ్రంథి దోషమున్నదేమో పరీక్ష చేయింపవలెను. అది నూనెతో తీరునది కాదు.

వంశపారంపర్యముగా వచ్చు బట్టతలకు నిజముగా పనిచేయు పైపూత మినాక్సిడిల్. అది మొదట రక్తపు పోటునకు మ్రింగు మాత్రగా వచ్చెను. మ్రింగినవారికి దేహమునిండ వెంట్రుకలు మొలచుట చూచి వైద్యులు తలకు పూయు నీరుగా దానిని మార్చిరి. 1988లో అమెరికా ప్రభుత్వము అనుమతించెను. ఆ మందును గూర్చి మూడు సంగతులు తెలియవలెను. ఫలము కనబడుటకు నాలుగు మాసములైనను పట్టును. మొదటి వారములలో జుట్టు కొంత ఎక్కువగా రాలవచ్చును, భయపడి మానరాదు. మానినచో సంపాదించినది కొన్ని మాసములలో పోవును. అందరికిని ఫలించదు. గర్భవతులును పాలిచ్చు తల్లులును వైద్యుని అడుగక దానిని తాకరాదు.

చుండ్రుకు మనవారు నూనె దట్టముగా రాయుదురు. ఇది తెలిసియుండవలసిన పొరపాటు. చుండ్రు వెనుక మలసీజియా అను సూక్ష్మజీవి యున్నది. దాని ఆహారము కొవ్వు. నూనె రాచి రాత్రియంతయు ఉంచుట దానికి విందు పెట్టుటయే. కీటోకొనజోల్, జింకు పైరిథియోన్, సెలీనియం సల్ఫైడు కలిసిన తలంటు ద్రవములు దీనికి పనిచేయును. నురుగు పట్టించి అయిదు నిమిషములు ఉంచి కడుగవలెను. పట్టించిన వెంటనే కడిగినచో పస యుండదు.

ఇప్పుడు మిక్కిలి బాధ కలిగించు విషయము. మన పిల్లలకు పెండ్లి సంబంధములు చూచునప్పుడు రంగు మాట ఇంకను పోలేదు. వరుని తల్లి ఒక్క మాట యనుటయు, వధువు తెల్లనగు క్రీములకై పరుగెత్తుటయు కెనడాలోను జరుగుచున్నది. ఆ దేశపు ఆరోగ్య శాఖ ఇట్టి అనుమతి లేని క్రీములను గూర్చి పలుమారులు హెచ్చరించినది. పరీక్షలో వానియందు బయటపడినవి క్లోబెటసాల్ వంటి స్టీరాయిడులు, హైడ్రోక్వినోన్, పాదరసము. పాదరసము చర్మము ద్వారా లోనికి ఇంకి మూత్రపిండములను, నరములను చెరచును. పూసికొన్నదాని తువ్వాళ్లనుండి, చేతులనుండి ఇంటిలోని శిశువునకును సోకును. 2019లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో ఒక స్త్రీ పాదరసము కలిసిన ముఖపు క్రీమువలన స్పృహ తప్పి ఆసుపత్రి పాలయ్యెను. పదిలక్షలలో ఒక వంతునకు మించి పాదరసమున్న సౌందర్య సాధనములను 2020 తరువాత తయారు చేయరాదని మినమాటా ఒడంబడికలో దేశములు ఒప్పుకొన్నవి. 2017లో కెనడాయు అందు చేరినది. అయినను సంచులలోను, తపాలాలోను అవి తిరుగుచునే యున్నవి. మీ పెట్టెలో అవి పోనీయకుడు.

ఇది చెప్పునప్పుడు మా మనస్సులో ఒక మాట మెదలుచున్నది. నల్లనివాడని మనము కొలుచు కృష్ణునికి హారతి ఇచ్చు చేతితోనే ఆడపిల్ల చేతికి తెల్లనగు క్రీము నిచ్చుట మనకు తగునా? పురోహితులమగు మేము సంబంధము మాటలాడు ఇండ్లలో రంగు మాట వచ్చినప్పుడు ఇంతవరకు తల వంచుకొని ఊరకుంటిమి. ఇకమీదట ఊరకుండము.

ఆలయమునకు వచ్చు స్త్రీలకు మరి రెండు సంగతులు. అంటించు బొట్టుబిళ్ల జిగురులోని కొన్ని రసాయనములవలన నుదుట తెల్లమచ్చ ఏర్పడవచ్చును. అట్టి మచ్చ కనబడగానే బిళ్ల మానవలెను. బొల్లి వచ్చినవారిని "తెల్ల కుష్ఠు" అని దూరముంచుట అజ్ఞానము. అది అంటురోగము కాదు, కుష్ఠు కాదు, పాపఫలము కాదు. వారు పూజకు కూర్చుండుటకు ఏ అడ్డంకియు లేదు. ఇక పెండ్లి గోరింటాకు. ఆకు నూరినది ఎఱ్ఱగా పండును, మేలే చేయును. గంటలో నల్లగా పండునని అమ్ము "నల్ల గోరింట"లో తలరంగునందు వాడు ఫెనిలీన్ డైఅమీన్ కలిసియుండవచ్చును. అది చర్మముపై బొబ్బలు లేపును. ఒకసారి పడనిచో జన్మాంతము పడదు. చర్మమునకు పూయు వస్తువులలో దానిని కెనడా నిషేధించినది.

కెనడాలోని మన బిడ్డలు ఏది నమ్మవలెను? ఆ దేశములో ప్రభుత్వము పరిశీలించి అనుమతించిన మందు పెట్టెపై ఎనిమిది అంకెల సంఖ్య యుండును. మామూలు మందులకు ముందు డి.ఐ.ఎన్. అనియు, మూలికలు మొదలగువానికి ఎన్.పి.ఎన్. అనియు అక్షరములుండును. ఆ సంఖ్యను కెనడా ఆరోగ్య శాఖ జాబితాలో ఎవరైనను రుసుము లేక వెదకి చూచుకొనవచ్చును. వట్టి జిడ్డు లేపనములు, సబ్బులు సౌందర్య సాధనములుగా ఎంచబడుటచేత వానికి సంఖ్య యుండదు; కాని కలిపిన వస్తువుల పట్టిక ముద్రింపబడి యుండవలెను. రోగమును కుదుర్చునని చెప్పుచు, సంఖ్యయు లేక, పట్టికయు లేక యున్నది ఎంతటి ఆప్తులు పంపినను పూయరాదు. చర్మవైద్యుని దర్శనము ఆలస్యమైనను మందుల అంగడిలోని ఫార్మసిస్టు చెంతనే యున్నాడు. సలహాకు మూల్యము అడుగడు. క్యూబెక్ రాష్ట్రములో 811 సంఖ్యకు ఫోను చేసినచో నర్సు మాటలాడును. మన బిడ్డలకు ఫ్రెంచి చక్కగా వచ్చును గనుక అడుగుటకు సంకోచింపనక్కరలేదు.

మా పెద్దలు కోరంగి రేవున ఓడ ఎక్కి వచ్చిన కాలమున చెరకు ఆకు కోసిన గాయమునకు పసుపు, దురదకు వేపాకు, పగుళ్లకు కొబ్బరినూనె వాడిరి. వైద్యుడు అందుబాటులో లేనందున తమకు తెలిసినంతలో బిడ్డలను కాపాడుకొనిరి. వారి జ్ఞానమును మేము తేలిక చేయము. కాని వారు వాడినది పెరటిలో పెరిగినది, తాము నూరినది, లోన ఏమున్నదో తాము ఎరిగినది. లోన ఏమున్నదో తెలియని గొట్టమును మేము పంపితిమి. దానిని పెద్దల ఆచారమనుట వారికి అపచారము.

సింహాద్రి అప్పన్న స్వామికి ఏడాది పొడుగున చందనపు పూత యుండును. స్వామి ఉగ్రము చల్లారుటకు ఆ పూత. అయినను వైశాఖ శుద్ధ తదియనాడు ఆ చందనమును ఒలిచి, నిజరూపమును దర్శించి, మరల పూయుదురు. మా బిడ్డ విషయములో మేము మరచినది ఇదియే. పూత చల్లబరచును, చల్లబడినంత మాత్రమున క్రింద ఏమున్నదో తెలిసినట్లు కాదు. మొదట నిజరూపము చూడవలెను, పిమ్మట పూయవలెను.

కావున గృహస్థులు జ్ఞాపకముంచుకొనవలసినవి ఇవి:

1. రోగము పేరు తెలియక మందు పంపరాదు. "తామర" యన్నచో ఏ తామరయో అడుగవలెను.

2. మూడు దినములలో తగ్గినదని మెచ్చుకొనరాదు. మానిన తరువాత తిరిగి వచ్చినదా అని చూడవలెను.

3. తెల్లగా చేయుననునది, చీటీ లేకయే సకల చర్మరోగములకు పనిచేయుననునది దూరముంచవలెను.

4. పంపదలచినచో శుద్ధమైన కొబ్బరినూనె పంపుడు. తక్కినది అచ్చటి అంగడిలో, సంఖ్య చూచి, వారే కొనుక్కొందురు.

5. విభూతి, కుంకుమ, గంధము భక్తికి ధరింపుడు. పగిలిన చర్మముపైనను, పుండుపైనను పూయకుడు.

ఆ నడుముపై మచ్చ వచ్చిన పిల్ల వైద్యుని మందుతో బాగుపడినది. మొన్న ఉగాదినాడు తల్లితో ఆలయమునకు వచ్చి మా చేత తీర్థము తీసికొన్నది. మాంట్రియాల్‌లోని మా మునిమనుమడు ఈ శీతకాలమున మంచులో ఆడుకొనుచున్నాడట. రోజు రాత్రి తల్లి పూయు జిడ్డు లేపనమును తానే డబ్బా తెచ్చి ఇచ్చుచున్నాడట. ఈసారి మేము వానికి స్వామి ప్రసాదమును, ఒక ఆటబొమ్మను మాత్రమే పంపితిమి.

అప్పన్న స్వామి అందరిని చల్లగా చూచుగాక.